గోళ్ళు తీయించుకున్న ఊరు

నేతగాళ్ళ ఊరు ఒకటుండేది. ఆ ఊళ్ళో నేత అందరిదీ. అచ్చు మాత్రం ఒక్కడిది.

అందరిదీ అంటే ఉత్తమాట కాదు, నిజంగానే అందరిదీ. ఆ అల్లిక ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలీదు. ఎవరైనా నేయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. మార్చినవాళ్ళు ఆ గుడ్డని వీధి అరుగు మీద ఆరేసి నలుగురికీ చూపించాలి. అంతే కట్టుబాటు. పొరుగూరివాళ్ళు వస్తే చాలు, "మా నేతకి యజమాని లేడండీ" అని ఛాతీ విరుచుకునేవాళ్ళు.

ఇక అచ్చు. మగ్గానికి అది దువ్వెన లాంటిది. నిలువుగా పరిచే పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దాని పళ్ళ సందుల్లోంచి పోవాలి. వెనకటికి ఎవరి అచ్చు వాళ్ళే రెల్లు చీల్చి కట్టుకునేవారు. తర్వాత అచ్చులాయన దిగాడు, ఇత్తడి అచ్చులతో. తళతళా, నున్నగా, పోగు తెగితే ఒట్టు! ఇంటింటికీ ఊరికే పంచిపెట్టాడు. అచ్చుతో పాటు మగ్గం, మగ్గంతో పాటు ఒక కత్తి. గోళ్ళు తగిలితే పోగులు చెడతాయని, ఆదివారం ఆదివారం గోళ్ళు తీసే మనిషిని కూడా తనే పంపేవాడు. ఎంత మంచివాడో చూడండి!

ఆయనిచ్చిన ప్రతి వస్తువుకీ చిన్న తాటాకు ముక్క కట్టి ఉండేది. ఊరికే ఇచ్చేవాడు ఏం రాస్తాడులే అని ఒక్కళ్ళూ చదవలేదు. పాత రెల్లు అచ్చులు పొయ్యిలోకి పోయాయి.

గుడ్డ పూర్తవగానే జానెడు పోగులు అచ్చులోనే వదిలేసి, కొత్త పోగులు వాటికి ముడేసి లాగడం ఆ ఊరి అలవాటు. దాంతో ఖాళీ అచ్చుకి మొదటినుంచీ పోగులు ఎక్కించే పని ఎవరికీ పడలేదు. కొన్నాళ్ళకి ఆ విద్యే మరిచిపోయారు.

ఆ ఊళ్ళో ఒక నేతగత్తెకి జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. అచ్చులాయన మగ్గం కాళ్ళతో తొక్కితే తప్ప ఆడదు. నేయకపోతే ఆవిడకి పూట గడవదు. ఏడుస్తూ కూర్చోలేదు మహాతల్లి. మోచేత్తో తాడు లాగితే ఆడే మగ్గం తనే చేసుకుంది. ఇత్తడి అచ్చుని పోగులతో సహా దానికి బిగించి టకటకా నేసి, మూడో రోజుకి గుడ్డ అరుగు మీద ఆరేసింది.

నాలుగో రోజు అచ్చులాయన నవ్వుతూ వచ్చాడు.

"తాటాకు చదివావా తల్లీ? నా అచ్చు నా మగ్గానికే బిగించాలి."

"నేత అందరిదీ కదా బాబూ?"

"అందరిదే! నేనెప్పుడు కాదన్నాను?"

"మగ్గం నేను చేసుకున్నదే."

"భలే చేశావు. నీ మగ్గం నీది, నా అచ్చు నాది."

మెల్లగా అచ్చు విప్పుకుని వెళ్ళిపోయాడు. పోగులన్నీ జారి నేల మీద పడ్డాయి. అసలే కాళ్ళు పోయిన మనిషి, ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు. పెద్దమనుషులు వచ్చి చూసి, "పాపమే. కానీ ఆయన్ని కాదంటే మన అచ్చుల గతేంటి?" అని లేచిపోయారు.

ఊరి చివర ఒక అవ్వ ఉండేది. గోళ్ళు తీసే ఆదివారం మనిషిని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. ఆవిడ గోళ్ళు చూసి పిల్లలు దడుచుకునేవారు. రెల్లు అచ్చు వాడేది ఊరంతటికీ ఆవిడొక్కతే. సంగతి తెలిసి తనే వచ్చింది.

"ఎరువు సొమ్ము బరువు చేటు పిల్లా. లే, రెల్లు నానబెట్టు."

నేతగత్తె కత్తితో రెల్లు చీల్చింది, అవ్వ చెప్పినట్టు కట్టింది. పోగులు ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో ఒక పోగు తప్పితే మళ్ళీ మొదటికి! కోపమొచ్చి రెండుసార్లు విసిరికొట్టింది కూడా. చివరికి గుడ్డ దిగింది. కాస్త ముతక, అయితేనేం? అరుగు మీద చూసి నవ్వినవాళ్ళే మర్నాడు చాటుగా వచ్చి, "మాకూ ఒక రెల్లు అచ్చు కట్టిస్తావా?" అని గొణిగారు.

అచ్చులాయన మళ్ళీ వచ్చాడు, నవ్వుతూనే. ఊరంతా వెనకాలే వచ్చింది.

రెల్లు అచ్చుని అటూ ఇటూ తిప్పి చూసి, "పనితనం బావుంది. రెల్లు దేంతో చీల్చావమ్మా?" అన్నాడు.

నేతగత్తె కత్తి తీసి, పిడికి కట్టిన తాటాకు విప్పి పైకి చదివింది. ఆ ఊళ్ళో తాటాకు చదవడం అదే మొదటిసారి. "ఈ కత్తితో ఏదైనా కోసుకోవచ్చు, అచ్చుకి పనికొచ్చేది తప్ప. కోస్తే ఆ అచ్చు కూడా నాదే."

అచ్చులాయన కత్తినీ, రెల్లు అచ్చునీ చంకన పెట్టుకున్నాడు. జనం ఉసూరుమన్నారు. పదకొండు రోజుల కష్టం కళ్ళముందే పోయింది.

అవ్వ నీళ్ళ తొట్టిలోంచి ఒక రెల్లు పుల్ల తీసింది. కొసన బొటనవేలి గోరు ఆనించి లాగింది. పుల్ల సర్రుమని నిలువునా రెండుగా చీలింది.

"దీనికి తాటాకు ఎక్కడ కట్టావు నాయనా?" అని వేలు పైకెత్తి అడిగింది.

జనం ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. ఒక్కరి వేలికీ గోరన్నది లేదు.

ఆదివారం గోళ్ళు తీసే మనిషి ఎప్పట్లాగే వచ్చి, నేతగత్తె గుమ్మం ముందు కూర్చుని చెయ్యి చాపమన్నాడు.

ఆవిడ రెండు చేతులూ కొంగులో దాచుకుని, "వద్దులే బాబూ, పెరగనీ" అంది.