మొదటి ఆకు

మునిమనవల కాలానికీ అడవులు, నీళ్ళు మిగిలేలా ఒక కట్టడి రాయమని ఛప్పన్న దేశాల యాభైఆరుగురు రాజులూ కలిసి మహామంత్రి విరూపాక్షుడికి అప్పగించారు. ఆయన మొదటి ఆకు మీద "పచ్చని చెట్టు మొవ్వు నరికినవాడి చెయ్యి తీసెయ్యాలి" అని రాయించి, యాభైఆరు ముద్రలూ వేయించి, ఊరూరా దండోరా కొట్టించాడు.

ఇంకా ఏడువందల ఆకుల రాత మిగిలుండగానే తాటాకులు అయిపోయాయి.

మంత్రి పల్లకీ, శిక్షలు అమలుచేసే తలారితో సహా, గీతగాడు గురవయ్య తాటితోపులో దిగింది.

"ఒరే గురవా, రాతకి లేత ఆకులు కావాలి. ఈ చెట్లన్నిటి మొవ్వులూ దించు."

నడినెత్తిన ఉండే ఆ లేత మొవ్వు పోతే తాడి బతకదు. ఆ చెట్లు గురవయ్య తాత టెంకలు పాతి పెంచినవి. పైగా ఈ మంత్రే మూడేళ్ళ కిందట ఇక్కడ ముంజలు తిని, బాగున్నాయని ఒక్క మాటైనా అనకుండా పోయాడు. గురవయ్య అది మరిచిపోలేదు.

"అలాగే దొరా," అని మోకు నడుముకి బిగించాడు. "ఒక్క మొవ్వు దించగానే మీ తలారి నా చెయ్యి తీస్తాడు. రెండో చెట్టు ఎవరెక్కుతారు? తమరా, తలారా?"

తలారి చెట్టుకి దూరంగా జరిగాడు. యాభైఆరు ముద్రలు చెరపడం మంత్రి తరం కాదు.

"మరి మిగతాది దేనిమీద రాయన్రా?"

"రాసింది చాలు దొరా. ఆ ఒక్క ఆకు నిలబెడితే తమరి మునిమనవలకీ ముంజలుంటాయి. వాళ్ళయినా బాగున్నాయంటారు."