అన్నకు క్లోమమైన అబ్బులు

బాతులలంకలో బుర్రా వారింటికి ఎవరెళ్ళినా ముందు మంచినీళ్ళిచ్చేవారు. ఆ వెంటనే తమ తెలివి గురించి చెప్పేవారు.

"ఊళ్ళో అందరికీ బుర్ర నెత్తిమీదే ఉంటుందండి. మాకు ఇంటిపేరులో కూడా ఉంది. అంటే మాకు రెండు," అనేవాడు అబ్బులు. అన్న తాతబ్బాయి మీసం దువ్వుకుంటూ తలూపేవాడు. వదిన మంగాయమ్మయితే, తనకు తెలివొచ్చింది పెళ్ళయ్యాకేనని వచ్చినవాళ్ళ ముందే ఒప్పుకునేది.

కొబ్బరితాళ్ళు పేనుకుంటూ ముగ్గురూ సుఖంగానే ఉన్నారు. ఇంతలో తాతబ్బాయి చిక్కిపోయాడు, కళ్ళు పచ్చబడ్డాయి. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే, పొట్టలో క్లోమం అనేదొకటి ఉంటుందని, దానికి క్యాన్సర్ వచ్చిందని చెప్పారు. ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. ఆ రోజు మాత్రం బుర్రా వారు తమ తెలివి ఊసే ఎత్తలేదు. అబ్బులు ఆసుపత్రి మెట్లమీద కూర్చుని, అన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఇంటికి పంపేరోజున డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఒంట్లో షుగర్‌ని అదుపులో పెట్టేది క్లోమమే. ఇప్పుడది లేదు. ఇకనుంచి దాని పని మీరే చెయ్యాలి."

అబ్బులు లేచి నిలబడ్డాడు. "నేను చేస్తానండి. ఇంతకీ అదెక్కడుంటుందండి?"

"పొట్ట వెనకాల."

అంతే. ఆనాటినుంచి తాతబ్బాయి ఎక్కడ కూర్చుంటే అక్కడ, వెనకాల వీపుకి వీపు ఆనించి అబ్బులు. "తినన్నయ్యా, భయం లేకుండా తిను. వెనకాల నేనున్నాను."

డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. వేలికి గుచ్చి, రక్తం చుక్క మిషన్లో పెట్టి షుగర్ చూడాలంది. భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వెయ్యాలంది. ఒకేచోట వేస్తే కండ గట్టిపడుతుంది, చోటు మార్చి మార్చి వెయ్యమంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తేడాగా వచ్చినా షుగర్ పడిపోయినట్టేననీ, వెంటనే ఇంత పంచదార పెట్టమనీ, అందుకే పొట్లం ఎప్పుడూ దగ్గరుంచుకోమనీ చెప్పింది.

ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు వాళ్ళు. అదే వచ్చిన చిక్కు.

"వేలికి గుచ్చమంది సరే, ఎవరి వేలికీ?" అంది మంగాయమ్మ.

"క్లోమం ఎవరు వదినా? నేను. షుగర్ సంగతి ఎవరికి తెలియాలి? నాకు," అన్నాడు అబ్బులు. ఇంకేముంది, పూటపూటా తన వేలే గుచ్చుకుని, మిషన్ చూసి, "అన్నయ్యకి బ్రహ్మాండంగా ఉంది!" అని వీధిలోకి వినబడేలా చెప్పేవాడు.

ఇక సూది. భోజనానికి ముందు అందిగా, అన్నం క్యారేజీ మూత తీసి తాతబ్బాయి ఎదురుగా పెట్టి, దాని ముందే సూది వేసేవారు. మొదటిరోజు ఇంట్లో వేశారు. రెండోరోజు చోటు మార్చాలి కదా, బస్సెక్కి కొత్తపేట వెళ్ళి, బస్టాండులో బెంచీమీద వేశారు. ఆ మర్నాడు పాలకొల్లులో మంగాయమ్మ పెద్దమ్మ కూతురింట్లో. ఆ తర్వాత తణుకులో ఆవిడ ఆడపడుచు అత్తగారింట్లో. కుట్లింకా సరిగ్గా ఆరలేదు, తాతబ్బాయి నడుం పట్టుకుని బస్సు దిగుతూ, "ఈ మందు మంచిదేరా, కానీ బాగా తిప్పుతోంది," అన్నాడు.

"చుట్టాలు కూడా అయిపోవచ్చారు," అంది మంగాయమ్మ దిగులుగా.

అబ్బులు ఆలోచించాడు. గోదారి దాటించి నర్సాపురం చేర్చే పంటు పడవ ఎక్కించాడు. "గోదారి మధ్యలో వేద్దాం. ఇంత కొత్త చోటు ఎవరికీ దొరకదు."

పంటు నడిమధ్యకు వచ్చింది. క్యారేజీ మూత తీశారు. సూది వేశారు. సరిగ్గా అప్పుడే పంటు ఓ కుదుపు కుదిపింది. క్యారేజీ జారి గోదాట్లో పడింది.

"పోనీలే, సూది అయ్యాకే పడింది," అంది మంగాయమ్మ.

ఇంకేముంది, కాసేపటికి తాతబ్బాయి చొక్కా చెమటకి తడిసిపోయింది. గోదారి గాలికి ఆరుతోందని అబ్బులు సంతోషించాడు. చేతులు వణికాయి. పంటు ఇంజన్ వణుకుతోంది, దాంతోపాటే వణుకుతున్నాడనుకున్నాడు. అప్పుడు తాతబ్బాయి మెల్లిగా అన్నాడు:

"ఒరే తమ్ముడూ, సూది వేశారు, అన్నం పెట్టలేదు. అందుకే ఒళ్ళు తేలిపోతోంది. నాకేదైనా తీపి పెట్టండ్రా."

అబ్బులు అదిరిపడి లేచాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న నోట ఇంత తెలివైన మాట వినలేదు.

"వదినా! అన్నయ్య మాట తేడాగా వస్తోంది!"

"అయ్యో, అయితే షుగర్ పడిపోయుంటుంది!" అంటూ మంగాయమ్మ పంటు చెక్కలమీద వంగి వెతికింది. తర్వాత సంచిలో చూసుకుని ఊపిరి పీల్చుకుంది. "కంగారు పడకయ్యా. పొట్లం కట్టింది కట్టినట్టే ఉంది. పడలేదు."

"పెట్టు మరి!"

"ఎలా పెడతాను? పడిపోతేనే పెట్టమంది డాక్టరమ్మ."

తాతబ్బాయి కళ్ళు మూతలు పడుతున్నాయి. డాక్టరమ్మ మాట దాటకూడదు, అన్న దక్కాలి. అబ్బులు వదిన చేతిలో పొట్లం లాక్కుని చెక్కలమీద విసిరికొట్టాడు. పొట్లం చిరిగి పంచదార ఒలికింది.

"ఇదిగో! పడిపోయింది!"

"ఇప్పుడు సరే," అంది మంగాయమ్మ, పొట్లంలో మిగిలిన పంచదార గుప్పెడు తీసి మొగుడి నోట్లో పోసింది. పంటు అవతలి కొసన కూర్చున్న దయామణి అనే నర్సు పరుగెత్తుకొచ్చి, మంచినీళ్ళు పట్టి, తన సంచిలో బిస్కట్లు తినిపించింది. మెల్లగా వణుకు తగ్గింది. తాతబ్బాయి కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"మనం కూర్చునే ఉన్నాం కదరా, మరి గోదారెందుకు నడుస్తోంది?"

"హమ్మయ్య!" అని అబ్బులు అన్నను కావలించుకుని భోరుమన్నాడు. "అన్నయ్యకి మాట సరిగ్గా వచ్చేసింది!"

జరిగిందంతా అడిగి తెలుసుకున్న దయామణికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రేవు వచ్చేదాకా ఓపిగ్గా చెప్పింది. గుచ్చాల్సింది రోగి వేలికి. సూది వేశాక అన్నం లోపలికి వెళ్ళాలి. చోటు మార్చడమంటే ఊరు మార్చడం కాదు, పొట్టమీదే ఈ పక్కా ఆ పక్కా. తాతబ్బాయి పొట్టమీద వేలుపెట్టి చూపించింది కూడా. "ఇంత చిన్న ప్రయాణమా!" అని ఆశ్చర్యపోయాడు తాతబ్బాయి.

ఆనాటినుంచి అన్నీ ఆవిడ చెప్పినట్టే చేశారు. తాతబ్బాయికి ఒళ్ళు కాస్త తేరుకుంది. మళ్ళీ పెద్దాసుపత్రికి వెళితే డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి మెచ్చుకుంది.

"చాలా బాగుంది. ఇక షుగర్ మీ చేతుల్లోనే ఉంది."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత విలువైంది చేతిలో పెట్టారు, జారిపోతే? టక్కున పిడికిళ్ళు బిగించారు. అంతే, బస్సులో కమ్మీ పట్టుకోలేదు, కుదుపు కుదుపుకీ ఒకరిమీదొకరు పడ్డారు. కండక్టర్ ఇచ్చిన టికెట్లు పళ్ళతో అందుకున్నారు. అలాగే ఇంటికొచ్చారు. తలుపుకి తాళం. తాళంచెవి మంగాయమ్మ కొంగున ముడేసుంది. పిడికిలి విప్పేదెవరు?

అబ్బులు ముందుకెళ్ళి నుదుటితో తలుపు తట్టాడు. "ఎవరండీ లోపల? కాస్త తలుపు తియ్యండి, మా చేతులు ఖాళీ లేవు!"

పలుకు లేదు. తాతబ్బాయి తట్టాడు, మంగాయమ్మ తట్టింది. చప్పుడు లేదు.

"ఎవరూ లేనట్టున్నారు వదినా. ఇల్లు ఇలా వదిలేసి ఎక్కడికెళ్ళారో, బొత్తిగా బాధ్యత లేని మనుషులు," అన్నాడు అబ్బులు.

"వస్తార్లే. రాత్రి సూదికింకా చాలా టైముంది," అన్నాడు తాతబ్బాయి.

ముగ్గురూ అరుగుమీద వరసగా, పిడికిళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇంటివాళ్ళు ఎప్పుడొస్తారా అని వీధి చివరికేసి చూస్తూ కూర్చున్నారు.