గవరమ్మ వంతు గట్టు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా ఎవరో తాత చెప్పిన కాలంలో, నత్తగుల్లపాలెం అని ఒక ఊరు ఉండేది. ఊరి పక్కన ఒక పల్లం. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు, వేసవిలో బురద. ఆ బురదలో నత్తలు, నత్తల కోసం బాతులు, బాతుల వెనక గవరమ్మ.

గవరమ్మకు మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఒక పూరిపాక, ఒక పొడుగాటి వెదురుగడ, పాతిక బాతులు, ఇదీ ఆమె సంసారం. గుడ్లమ్ముకుని గంజి తాగేది. ఒకరి జోలికి పోయేది కాదు.

ఆ ఊరి దొర మంచివాడే. మంచివాళ్లకు కూడా ఒక్కోసారి పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయి మరి! గోదావరి ఒడ్డున చుట్టాలింటికి వెళ్లి పడవ పందేలు చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు అన్నం సయించలేదు. ఊరందరినీ పిలిపించాడు.

"మన పల్లాన్ని తవ్వి పెద్ద కొలను చేద్దాం. అందులో దోనెలు వేద్దాం. దొర బిడ్డయినా పాలేరు బిడ్డయినా తెడ్డు పట్టొచ్చు. అది నా కొలను కాదు, మన ఊరి కొలను" అన్నాడు.

దొర తానా అంటే ఊరు తందానా అంది. గడ్డపార దిగకముందే బెస్తలు చేపలు పంచేసుకున్నారు. రైతులు నీళ్లు పంచేసుకున్నారు. కుర్రాళ్లయితే పందెంలో గెలిచేసి మీసాలు కూడా దువ్వేసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పల్లం పోతే బాతులేం తింటాయన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. తట్టింది గవరమ్మకే. "కొలనులోనూ నత్తలుంటాయిలే. నా బాతులు దిగి, తిని, ఎక్కితే చాలు" అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ ఊళ్లో ఊరుమ్మడి పనికి ఒక పద్ధతి ఉండేది. పొయ్యికో గడ. ఊళ్లో ఎన్ని పొయ్యిలు వెలిగితే అన్ని వంతులు, ఒక్కో వంతుకు ఒక గడ పొడవు గట్టు. తన వంతు తవ్వి, మేస్త్రీ చేత "ఔను" అనిపించుకున్న ఇంటికే కొలనులో హక్కు. ఆ మాట రాని ఇంటి మనుషులు గానీ, గొడ్డూ గోదా గానీ నీళ్లలో కాలు పెట్టకూడదు. గవరమ్మదీ పొయ్యే కదా! ఆమెకూ ఒక వంతు వచ్చింది.

మేస్త్రీ పేరు బంగారయ్య. గట్టు గోడలాగా నిలువునా కోయాలన్నాడు. దోనె వచ్చి ఒడ్డుకు ఆనుకోవాలట, చూసేవాళ్లకు ముచ్చటగా ఉండాలట. ఊరంతా నిలువునా కోశారు. గవరమ్మ మాత్రం పైనుంచి నీళ్లలోకి ఏటవాలుగా దింపింది. ఆమె ఒక్క మనిషి, ఒక్క తట్ట. అందరి పనీ అయిపోయినా ఆమె మట్టి మోస్తూనే ఉంది.

మొదట బంగారయ్య వచ్చాడు.

"ఏమే గవరమ్మా, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారా?"

"నా బాతులు గోడలెక్కలేవండి మేస్త్రీగారూ. దిగినోళ్లకి ఎక్కే దారుండాలి కదండీ" అంది గవరమ్మ.

తర్వాత పక్కింటి నూకాలు వచ్చింది.

"మొండికేయకే వదినా. ఆయన ఔననకపోతే నీ బాతులకి నీళ్లే లేవు. ఏం తిని బతుకుతావే?"

"గోడ కోస్తే మాత్రం బతుకుతానా నూకాలూ? దిగిన బాతు మళ్లీ ఇంటికి రాదు. దిగినోళ్లకి ఎక్కే దారుండాలి కదే" అంది గవరమ్మ.

చివరికి దొరే వచ్చాడు.

"గవరమ్మా, ఊరంతా ఒక తీరుగా ఉండి నీ ఒక్కచోట వంకరగా ఉంటే చూసినవాళ్లు నవ్విపోరూ?"

దొరకు ఎదురుచెప్పడం గవరమ్మ ఎరగదు. అయినా తట్ట కింద పెట్టి చేతులు జోడించింది.

"నవ్వితే నవ్వనీండి దొరా. దిగినోళ్లకి ఎక్కే దారుండాలి కదండీ."

"సరే, పందెం అయ్యేదాకా ఉండనీ, అందాకా నీ బాతులూ దిగనీ. పందెం మర్నాడు మేస్త్రీ నీ వంతు నిలువునా కోయిస్తాడు. కాదంటావా, బాతుల్ని తోలుకుని వేరే ఊరు చూసుకో" అన్నాడు దొర.

ఆ పూట గవరమ్మ గంజి ముట్టలేదు. ఈ వయసులో ఏ ఊరు పోవాలి? ఎవరు రానిస్తారు?

వానలు పడ్డాయి. కొలను సగానికి పైగా నిండింది. పందెం రోజు వచ్చింది. తాటిమాను తొలిచి చేసిన దోనెలు మూడు, దోనెకు ఆరుగురు. మొదటి దోనెలో బెస్తలు, రెండోదాంట్లో రైతులు. వాళ్లు ముందే వెళ్లి కొలను నడుమ కూర్చున్నారు. మూడో దోనెలో దొర, మేస్త్రీ, ఇంకో నలుగురు బయల్దేరారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. దొర ఎదురొస్తే కూర్చుని ఉండటం ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. దొర దోనె దగ్గరికి వచ్చిందో లేదో, బెస్తలు ఆరుగురూ లేచి నిలబడి "దండాలు దొరా!" అన్నారు. దోనె బోల్తా. వాళ్లు లేచాక మనం కూర్చుంటే ఏం బాగుంటుందని రైతులు ఆరుగురూ లేచారు. ఆ దోనె కూడా బోల్తా. ఇంతమంది దండం పెడితే తిరిగి పెట్టకపోతే మర్యాదా అని దొర లేచాడు. మూడో దోనె కూడా బోల్తా!

ఒడ్డున ఉన్నవాళ్లు ముందు పగలబడి నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఈతొచ్చిన వాళ్లు రానివాళ్లను లాక్కుంటూ గట్టుదాకా వచ్చారు గానీ, ఎక్కడం ఎలా? తడిసిన బంకమట్టి, నిలువెత్తు గోడ. గోళ్లు దిగేస్తే మట్టి ఊడొస్తోంది. పైనుంచి కండువాలు జార్చితే అందడం లేదు. బంగారయ్య తను దగ్గరుండి కోయించిన గోడనే మూడుసార్లు పట్టుకున్నాడు, మూడుసార్లూ జారి మునిగాడు. ఒడ్డున ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు.

ఆ అల్లరికి బెదిరి గవరమ్మ బాతులు పాతికా కొలను నడుమ నుంచి తిన్నగా తమ దారి పట్టాయి.

"బాతుల వెనకాల రండి! బాబూ, బాతుల వెనకాల రండి!" అని గవరమ్మ గొంతు చించుకుంది. వాలులోంచి రొమ్ములోతు నీళ్లలోకి దిగి వెదురుగడ చాచింది. అందినవాణ్ణి అందినట్టు లాగింది. ముగ్గురొచ్చారు. ఆరుగురొచ్చారు. తొమ్మిదిమంది వచ్చారు. మొత్తం పద్దెనిమిది మంది పడ్డారు, పద్దెనిమిది మందీ ఎక్కారు. చివరివాడు దొర. బాతురెట్టల మీదుగా మోకాళ్లతో పాకి వచ్చాడు.

గవరమ్మను చూసి దొర లేవబోయాడు.

"కూర్చోండి దొరా, మళ్లీ లేవకండి" అంది గవరమ్మ.

దొర నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. "అమ్మా! నీకేం కావాలో కోరుకో" అన్నాడు. ఆమెను అమ్మా అని పిలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

"నా వంతు ఔననిపించండి దొరా, అంతే చాలు."

పక్కనే బంగారయ్య రొప్పుతూ పడున్నాడు. అతని గోళ్ల నిండా మట్టి. "ఔను" అన్నాడు. గుక్క తిప్పుకుని "ఔను" అన్నాడు. చేతులు జోడించి మూడోసారి కూడా "ఔను తల్లీ" అన్నాడు.

మర్నాడు పారలు వచ్చాయి. గవరమ్మ వంతు దగ్గరికి కాదు. ఎవరి వంతు దగ్గరికి వాళ్లే వెళ్లి, ఎవరి గోడ వాళ్లే వాలుగా చెక్కుకున్నారు. మొదటి పార బంగారయ్యదే. అప్పట్నుంచి ఆ కొలనులో దూడ పడినా ఎక్కింది, పసివాడు పడినా ఎక్కాడు.

గవరమ్మ ఇంకా చాలా ఏళ్లు బాతులు మేపుకుని, ఒకరోజు నిద్రలోనే పోయింది. కొడుకులు లేని ఆ మనిషి పాడె మోయడానికి పద్దెనిమిది ఇళ్లవాళ్లు పోట్లాడుకున్నారు. ఒక్కో ఇల్లు కొన్ని అడుగులు మోసింది.

ఆమెకు గుడి కట్టలేదు. రాయి కూడా నాటలేదు. కానీ ఇప్పటికీ ఆ కొలనులో పందెమంటే ముందు బాతులు దిగాలి, తర్వాతే దోనెలు. దోనెలో కూర్చున్నవాడు రాజొచ్చినా లేవడు. లేవకపోతే తప్పని ఏ రాజూ అనడు.

ఇంకొకటి. ఆ ఊళ్లో తల్లులు పిల్లల్ని ఏ చెరువుకు తీసుకెళ్లినా, ఏ కాలవకు తీసుకెళ్లినా, చెయ్యి వదలకముందు ఒక మాట అడుగుతారు.

"గవరమ్మను చూసుకున్నావా?"

పిల్లలు ఒడ్డంతా వెతికి, పైకి ఎక్కిరావడానికి వీలైన చోటు వేలితో చూపిస్తారు.

"అదుగోనమ్మా, అక్కడుంది."

అప్పుడు గానీ తల్లి చెయ్యి వదలదు.