బావి రాతి కుడి సగం

ఏ రాజు ఏలుబడిలోనో గుర్తులేదు గాని, గంగులప్ప అనే పాలెగాడు ఊరికి కొత్త బావి తవ్వించాడు. గట్టున నిలిపే రాతి మీద తన పేరు సరిగ్గా నడిమధ్యన ఉండాలని రాళ్లు చెక్కే బొమ్మన్నకు మరీ మరీ చెప్పాడు.

తీరా ఊరందరి ముందు రాతి మీది గుడ్డ తీస్తే, పేరు ఎడమ పక్కకు ఒదిగి ఉంది. కుడి సగమంతా ఖాళీ. జనం ముసిముసిగా నవ్వారు. గంగులప్పకు తల కొట్టేసినట్టయింది.

"కళ్లు పోయాయట్రా? చెరిపి మళ్లీ చెక్కు!"

"ఉలి దెబ్బ చెరిగేది కాదు దొరా. ఇంకో రాయి తేవాలంటే నెల పడుతుంది." బొమ్మన్న దారంతో పేరు పొడవు కొలిచి చూపించాడు. "కుడివైపు కూడా ఇంతే పొడవున్న మాట పడితే, వరస దానంతటదే మధ్యకొస్తుంది."

"అయితే నా బిరుదులు చెక్కు."

"వాటికి ఈ చోటు చాలదు దొరా. సరిగ్గా ఈ కొలతకు ఒక పేరుంది. సుంకులన్న."

"వాడెవడు?"

నవ్వులు ఆగిపోయాయి. జనంలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి మీద పడి చచ్చిపోయినోడు దొరా. అప్పుడు మీరు గట్టు మీదే ఉన్నారు."

గంగులప్ప బావిలోకి చూశాడు.

"చెక్కు," అన్నాడు చివరికి. "ఆ పేరు కొలత నీకు ముందే ఎట్లా తెలుసు?"

"ముందు కొలిచింది ఆ పేరే దొరా. దానికి చోటు వదిలాకే మీ పేరు చెక్కాను."

గంగులప్ప ఇక తలెత్తలేదు.