సంత చూడని కుక్కపిల్ల

కొండ కింది చిన్న మఠంలో ఈరమ్మవ్వ గొర్రెల కాపరుల కోసం కుక్కపిల్లలను పెంచేది. కళ్లు తెరిచిన నాటి నుంచే వాటికి లోకం చూపించేది. శిష్యులను వాటి పక్కన కూర్చుని పళ్లేలు మోగించమనేది. దారిన పోయేవాళ్లను పిలిచి ఎత్తుకోమనేది. కాస్త ఎదిగాక బుట్టలో పెట్టి సంతకు పంపేది. అవి ఉలిక్కిపడేవి, వణికేవి, కాసేపటికి తలెత్తి చూసేవి.

శరభయ్య మఠానికి కొత్తగా వచ్చిన శిష్యుడు. అంతకు ముందు ఏడాది జ్వరంతో అతని కొడుకు పోయాడు. ఆసుపత్రిలో సూదులకు వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా అతని చెవుల్లోనే ఉంది. పసివాటిని వణికించడం అతను చూడలేకపోయాడు.

"అవ్వా, కష్టాలు పెద్దయ్యాక ఎట్లాగూ పడతాయి. ఇప్పుడు ప్రేమగా చూసుకుంటే చాలదా?" అని అడిగాడు.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం అవ్వకు అలవాటు లేదు.

ఆ ఈతలో పుట్టిన పిల్లల్లో అన్నిటికంటే బక్కదాన్ని శరభయ్య తన గదిలోకి తెచ్చుకున్నాడు. బుడ్డోడని పేరు పెట్టాడు. బయట పళ్లెం మోగితే దుప్పటి కప్పేవాడు. కొత్తవాళ్లు వస్తే తలుపు మూసేవాడు. సంత రోజున మిగతావాటిని బుట్టకెత్తుకుని, దాన్ని మాత్రం గదిలో పడుకోబెట్టి వెళ్లేవాడు. "అన్నీ పోయొచ్చినాయా?" అని అవ్వ అడిగితే "వచ్చినాయవ్వా" అనేవాడు. బుడ్డోడు మెడ వంపులో ముక్కు పెట్టుకుని నిద్రపోతుంటే, ఎన్నాళ్లకో అతనికీ కంటి మీద కునుకు పట్టింది.

పిల్లలు తల్లిని విడిచే వేళకు కాపరులు వచ్చారు. బుడ్డోణ్ణి బీరప్ప ఎత్తుకుని కంబళిలో చుట్టుకున్నాడు.

"కదలనైనా కదల్లేదు సామీ. ఎంత నెమ్మదో! మా చిన్నదానికి మంచి తోడు" అని మురిసిపోయాడు.

అది నెమ్మది కాదని, భయంతో బిగుసుకుపోయిందని శరభయ్యకు తెలుసు. నోరు మెదపలేదు.

వానలు తగ్గి జాతర రోజులు వచ్చాయి. ఒకనాడు బీరప్ప ఒక్కడే మఠానికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఊళ్లో డప్పులు మొదలైనాయి సామీ. అది మంచం కింద దూరింది. పాపం భయపడిందని మా చిన్నది పాకిపోయి ఎత్తుకోబోయింది. అది మొగం కరిసి పట్టుకునింది. ఒక కన్ను దక్కదన్నారు." గడప వైపే చూస్తూ అన్నాడు: "కట్టె తీసుకున్నా. మొదటి దెబ్బకే వదిలేసింది. అయినా కొట్టినా. సచ్చేదాకా కొట్టినా."

శరభయ్య గడప దాటి అతని దగ్గరికి వచ్చాడు.

"ఒక్క మాట చెప్పు సామీ. ఈ మఠం కుక్క మనిషిని కరిసిందని ఎప్పుడూ వినలేదు. ఇది డప్పు విన్నదా?"

"లేదు. నేనే విననీలేదు."

బీరప్ప తిట్టలేదు. వచ్చిన దారినే వెనుదిరిగాడు. శరభయ్య చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెంట ఆసుపత్రికి నడిచాడు. పిల్ల మొహం సగం కట్టు కింద ఉంది. మఠం సామి వచ్చాడని తండ్రి చెప్పగానే, ఆ పిల్ల మిగిలిన కంటితో అతన్ని వెతుక్కుంది.

"బుడ్డోడు మీ కాడికే వచ్చినాడా సామీ? వాణ్ణి కొట్టొద్దు. బయపడినాడు, అంతే."

వచ్చాడనే చెప్పాడు శరభయ్య. బీరప్ప అటు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

మఠానికి తిరిగొచ్చి శరభయ్య అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. దాచినదంతా చెప్పాడు. చెప్పేకొద్దీ ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. ఎవరి మీదో అతనికే తెలియలేదు.

"ప్రేమ తక్కువై చేసింది కాదు గదవ్వా! భయమంటే తెలియకుండా పెంచాలనే గదా!"

అవ్వ ఓదార్చలేదు, గద్దించనూ లేదు.

"భయం రానే వచ్చింది నాయనా," అంది. "అప్పుడు నువ్వు పక్కన లేవు."