దాటేసిన బొమ్మలు

వేదవల్లి మేడం ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకునేదాకా అడిగినవాళ్లు ఆగవలసిందే. చూపులేనివారు కంప్యూటర్ చేత చదివించుకుని వినేందుకు వీలుగా పాఠ్యపుస్తకాలను సిద్ధం చేయడం ఆమె పని. ఆ పని నేర్చుకోవడానికి వచ్చిన నసీమా ఒక మధ్యాహ్నం విసుగ్గా అడిగింది: "అక్షరాలన్నీ సరిచేశాను మేడం. బొమ్మలకు కూడా వివరణ రాయాలా? కనపడనివాళ్లకు బొమ్మతో ఏం పని?"

మేడం కళ్లజోడు తుడుచుకుని, కాకినాడ హాస్టల్ సంగతి ఎత్తారు.

డిగ్రీ రోజుల్లో ఆమె గదిలోనే భ్రమరాంబ ఉండేది. పుట్టుకతో చూపు లేదు. సాయంత్రం కాఫీలయ్యాక ఇద్దరూ డాబా మెట్ల మీద చేరేవారు. వేదవల్లి చదవడం, భ్రమరాంబ వినడం. వంటింట్లోంచి పోపు వాసన, పెరట్లో రింగు ఆడే అమ్మాయిల కేకలు. ఆ సాయంకాలాలు తలచుకుంటే మేడం గొంతు ఇన్నేళ్ల తర్వాతా మెత్తబడేది. పుస్తకంలో బొమ్మో పటమో వస్తే మాత్రం వేదవల్లి గబుక్కున పేజీ తిప్పేసేది. చెప్పినా ఏం లాభంలే అనుకునేది.

భూగోళం పరీక్షలో గోదావరి డెల్టా పటం గురించి పెద్ద ప్రశ్న వచ్చింది. భ్రమరాంబ చెబితే రాయడానికి కూర్చున్నామె కలం పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది. ఆ ఒక్క పేపరూ పోయింది.

ఫలితాలు వచ్చిన రోజు ఏడ్చింది వేదవల్లే. భ్రమరాంబ ఏడవలేదు.

"నువ్వు చదవకుండా తిప్పిన పేజీల చప్పుడు నాకు వినపడేదే వల్లీ. అడిగితే నీ చదువు వెనకబడుతుందని ఊరుకున్నాను," అంది.

ఆ సెలవులకు వేదవల్లి ఇంటికి వెళ్లలేదు. వార్డెన్‌ను బతిమాలి ఇద్దరూ హాస్టల్లోనే ఉండిపోయారు. మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నది ఎక్కడ చీలిందో, ఏ పాయ ఎటు తిరిగిందో, ఒడ్డున ఏ ఊళ్లున్నాయో వేదవల్లి ఒక్కొక్కటే చెప్పింది. "అయితే మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఆ పాయ పక్కనేనా!" అని భ్రమరాంబ ఎంత సంబరపడిందో. ఈసారి పేపరు గట్టెక్కింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బడిలో భ్రమరాంబే పిల్లలకు భూగోళం చెప్పింది.



"భ్రమరాంబ గారు ముందే ఒక్క మాట అనవలసింది మేడం," అంది నసీమా.

"ఆలస్యంగానైనా అంది. నా పక్కనే కూర్చునేది కాబట్టి. మన పుస్తకాలు వినేవాళ్లు ఎక్కడో ఉంటారు, బొమ్మ దాటేశామని మనకెవరు చెబుతారు?" అన్నారు మేడం.