మద్దిచెట్లెక్కని కోతులు

అనగనగనగా, కొండ అంచున ఒక ఊరుండేదర్రా. దొడ్డి దాటితే అడవే. ఆ ఊళ్ళో బయ్యమ్మని ఒక అత్త, ఈరమ్మని ఒక కోడలు. కొడుకేమో గొర్రెలు తోలుకుని ఎక్కడికో పోయాడు, వాణ్ణొదిలెయ్యండి, వాడితో మనకి పని లేదు.

ఈ ఈరమ్మ ఉందే, పుల్లలేరుకు రమ్మంటే వెళ్ళి కోతుల్ని చూస్తూ నిలబడిపోయేది. మన మేడెక్కి వడియాలెత్తుకుపోయే రకం కాదర్రా అవి. గుప్పెడంత మొహాలు, బారెడు తోకలు, మనిషి అలికిడైతే ఆకుల్లో కలిసిపోయే అడవి కోతులు. తెల్లారగానే పైకొమ్మలెక్కి ఎండకి పొట్టలు కాచుకునేవి. ఎండ ముదిరితే పళ్ళచెట్లకి పోయేవి. మిట్టమధ్యాహ్నం వెదురు నీడలో ఒకదాని తల ఒకటి చూసుకునేవి, నేను మీకు పేలు చూస్తానే, అచ్చం అలాగే. పొద్దు వాలితే వాగొడ్డున మూడు మద్దిచెట్లు, అక్కడ పడక. ఎండా, పళ్ళూ, నీడా, పడకా. మళ్ళీ తెల్లారితే ఎండా, పళ్ళూ, నీడా, పడకా. ఊఁ అంటున్నారా, నాకు నేనే చెప్పుకుంటున్నానా?

అత్తకి ఒళ్ళు మండేది. కోతుల్ని చూస్తే పొయ్యి వెలుగుతుందా అని సాధించేది.

ఒక ఎండాకాలం కోడలికి జ్వరమొస్తే, అత్తే పుల్లలకి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే. పొద్దుగూకినా రాలేదు. ఊరంతా డప్పులు కొట్టుకుంటూ వెతికారు. ఉత్తరాన ముళ్ళకంపలో ఆవిడ కొంగు పీలిక దొరికిందని అందరూ అటే పోయారు, వాగువైపు ఎవరూ చూడలేదు. రెండు రోజులు తిరిగారు. మూడోనాడు ఊరిపెద్ద మల్లుదొర, చిరుతే ఎత్తుకుపోయుంటుంది, ఇక చాలించండి అన్నాడు.

అప్పుడు ఈరమ్మ జ్వరంతోనే లేచింది. కొండమీద బండెక్కి కూర్చుంది. కోతులొచ్చాయి. వెదురు నీడలో ఉన్నాయి. పొద్దు వాలింది, వాగు దగ్గరికి చేరాయి. ఏం చేశాయనుకున్నారు? మద్దిచెట్లెక్కలేదు! కిందికి తొంగిచూశాయి, ఖెక్ ఖెక్ మన్నాయి, పిల్లల్ని పొట్టకి కరుచుకుని అవతలొడ్డు బండలమీదికి పోయి ముడుచుకున్నాయి.

ఈరమ్మ చటుక్కున బండ దిగింది. ఒక్క పరుగున మల్లుదొర దగ్గరికెళ్ళింది.

"దొరా, కోతులు పడక మార్చాయి. మద్దిచెట్ల కింద ఏదో ఉంది."

"పులుంటుందమ్మా."

"పులైతే కోతులు ఆ చుట్టుపక్కలే నిలవవు. అక్కడున్నది కదల్లేనిది. మా అత్తే దొరా!"

వెలుతురుండగానే నలుగురు డోలీ పట్టుకుని పరుగెత్తారు. ఒడ్డు విరిగి పడ్డ గోతిలో, కాలు మెలిపడి, బయ్యమ్మ! బతికే ఉందర్రా! అరిచి అరిచి గొంతు పోయింది. ఇసుకలో చేత్తో చెలమ తీసుకుని ఆ ఊటనీళ్ళే తాగిందట. మరి తిండో? పగలు కోతులు గోతి మీదికి వంగిన తునికిచెట్టెక్కి, సగం కొరికి సగం పారేస్తే, ఆ పళ్ళు ఏరుకు తిన్నదట. కోడల్ని చూసి మెడ పట్టుకుని ఏడ్చింది.

డోలీ ఎత్తి నాలుగడుగులేశారో లేదో, బయ్యమ్మ చెయ్యెత్తి ఆపింది. మాట్లాడొద్దని సైగ చేసింది. అందరూ పొదల చాటున నిలబడ్డారు.

వాగు మీద ఎర్రటి వెలుగు. బండల మీంచి ముందొక పెద్దకోతి లేచింది. వాగుకి అడ్డంగా ఎగిరి మద్దికొమ్మ పట్టుకుంది. దాని వెనక పొట్టకి పిల్ల కరుచుకున్న తల్లి. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. ముప్పై ప్రాణాలర్రా, ఒక్కొక్కటీ గాల్లో తేలి, తన కొమ్మ తను వెతుక్కుని, పక్కదాన్ని హత్తుకుని సర్దుకుంది. ఒక్క ఆకు రాలలేదు. మల్లుదొర తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు.

బయ్యమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో అంది: "అరవయ్యేళ్ళు ఈ కొండ కిందే బతికానే అమ్మాయీ. ఒక్కనాడైనా తలెత్తి చూడలేదు."

తర్వాత కాలు బాగైంది, కొడుకూ వచ్చాడు, అందరూ చల్లగా ఉన్నారు. మన చుట్టూ బతికే ప్రాణుల్ని కాస్త ఆగి చూడాలర్రా, అంతే. కథేమో అడవికి, మనమేమో దుప్పట్లోకి.